షుగర్ ఉన్న నాన్నకి ఇంట్లో కూరగాయల జ్యూస్: ఏవి వెయ్యాలి, ఏవి వద్దు?

కాకినాడ_కాజా:

అందరికీ నమస్కారం. పేరు చూసి నవ్వకండి, ఈ ఐడీ పెట్టుకున్నప్పుడు మా ఇంట్లో ఎవరికీ షుగర్ లేదు.

మా నాన్నగారికి 66 ఏళ్ళు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. 11 ఏళ్ళుగా షుగర్ ఉంది. పొద్దున, రాత్రి మెట్‌ఫార్మిన్ 500, పొద్దున టిఫినుకి ముందు గ్లిమిపిరైడ్ 1 ఎంజీ వేసుకుంటారు. మొన్న వేసవిలో హెచ్‌బీఏ1సీ, అదే రెండు మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్ష, 7.9 వచ్చింది. అమ్మా నాన్నా కాకినాడలో ఉంటారు, నేను హైదరాబాదులో.

ఆయన వాకింగుకి వెళ్ళే పార్కు గేటు బయట పొద్దున్నే ఒక వ్యాను ఆగుతుంది. వరసగా స్టీలు డబ్బాలు, ఒక్కోదాని మీద పేరు: కాకర, సొర, బూడిద గుమ్మడి, క్యారెట్-బీట్‌రూట్, గోధుమ గడ్డి. వాకింగ్ స్నేహితులంతా అక్కడే చేరతారు. నాన్న రెండు నెలలుగా రోజూ రెండు గ్లాసులు తాగుతున్నారు. కాకర, సొర కలిపింది ఒకటి. ఆ చేదు పోవడానికి క్యారెట్-బీట్‌రూట్ ఇంకొకటి. దాంతో కడుపు నిండిపోయి టిఫిను పదిన్నరకో పదకొండుకో తింటున్నారు.

మూడు వారాల కిందట బ్యాంకులో లైన్లో నిలబడి ఉండగా ఒళ్ళంతా చెమటలు పట్టి, చేతులు వణికి, కూలబడిపోయారు. పక్కనున్నాయన టీ తెచ్చి తాగిస్తే తేరుకున్నారు. ఇంటికొచ్చి చూసుకుంటే 92. దాంతో ఆయన తేల్చేసిందేమిటంటే, జ్యూస్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది, మాత్ర ఎక్కువైపోతోంది, కాబట్టి మాత్ర మానెయ్యాలి! అదే వారంలో ల్యాబులో టిఫిను తర్వాత చూపిస్తే 241. ఒకే మనిషికి ఇటు చెమటలు, అటు 241. నాకు తల తిరిగింది.

బయట తాగడం మాన్పించి ఇంట్లోనే చేసి ఇద్దామని అమ్మ అంటోంది. ఏ కూరగాయలు వెయ్యాలి? వడకట్టాలా వద్దా? మిక్సీ చాలా, లేక 12 వేలు పెట్టి ఆ నెమ్మదిగా తిరిగే జ్యూసర్ కొనాలా? అమ్మకి ఒకసారి చెబితే చేసుకునేలా ఉండాలి.

పచ్చని_బతుకు:

బ్రదర్, టెన్షన్ వద్దు. పరగడుపున కాకరకాయ రసం ఒక గ్లాసు, ఒక చెంచా తేనె. 41 రోజులు. మా బాబాయి మాత్రలన్నీ పక్కన పెట్టేశాడు. అల్లోపతి వాళ్ళు ఇవి చెప్పరు.

లెక్కల_టీచరు_రాజమండ్రి:

కాజా బాబూ, పైన చెప్పింది చెయ్యకు. షుగర్ తగ్గడానికని తాగే దాంట్లో తేనె వెయ్యడం ఏమిటో నాకైతే అర్థం కాలేదు. తేనె కూడా చక్కెరే.

నాకు 59. హైస్కూల్లో లెక్కలు చెప్పాను. 14 ఏళ్ళుగా షుగర్. డాక్టర్ని కాను, కానీ నా ఒంటి మీద నేను చేసిన లెక్కలు ఒక రూళ్ళ పుస్తకం నిండా ఉన్నాయి. ముందు మీ నాన్నగారి లెక్క చూద్దాం, అది చిక్కు లెక్కేమీ కాదు.

గ్లిమిపిరైడ్ పని క్లోమాన్ని తట్టి ఇన్సులిన్ విడుదల చేయించడం. తిండి వస్తుందని చెప్పి వేసే మాత్ర అది. అందుకే టిఫినుకి కొంచెం ముందు గానీ, టిఫినుతో పాటు గానీ వేసుకోమంటారు. మీ నాన్నగారు మాత్ర వేసుకున్నారు, జ్యూస్ తాగారు, టిఫిను తినలేదు. క్యారెట్-బీట్‌రూట్ రసంలో ఉన్న చక్కెర గబుక్కున ఎక్కి గబుక్కున దిగిపోయి ఉంటుంది. ఆ తర్వాత మాత్ర మిగిలింది, కడుపులో తిండి లేదు. దానికి తోడు నడక, బ్యాంకు లైను. చెమటలు పట్టాయంటే పట్టవూ? ఇంటికొచ్చాక చూసిన 92 తియ్యటి టీ తాగిన తర్వాతది. కూలబడినప్పుడు ఎంత ఉందో మనకి తెలీదు. కాబట్టి జ్యూస్ గెలిచిందనీ కాదు, మాత్ర ఎక్కువైందనీ కాదు. వేళ తప్పింది. అయినా ఈ సంగతి మొత్తం వాళ్ళ డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పండి. మాత్ర తగ్గించాలో మార్చాలో ఆయన చెప్పాలి, వ్యాను అబ్బాయి కాదు, నేనూ కాదు.

ఇక క్యారెట్-బీట్‌రూట్. ఇందులో నేనూ పడ్డాను, అందుకే చెబుతున్నా. రంగు బాగుంటుంది, రక్తం పడుతుందంటారు, పైగా "కూరగాయే కదా" అని ఒక ధీమా. 100 గ్రాముల క్యారెట్‌లో చక్కెర 5 గ్రాముల దగ్గర ఉంటుంది, బీట్‌రూట్‌లో 7 గ్రాముల దగ్గర. ఒక పెద్ద గ్లాసు రసం రావాలంటే 300 గ్రాముల క్యారెట్, 200 గ్రాముల బీట్‌రూట్ పడతాయి. 15, 14 కలిపితే 29 గ్రాములు. పిప్పిలో కొంత పోయిందనుకున్నా నాలుగైదు చెంచాల చక్కెరకి తక్కువ లేదు. ఆ చెంచాలు మీ అమ్మగారు కాఫీలో వేస్తే ఇల్లు పీకి పందిరేస్తారు కదా?

నేను ఒకరోజు ఆ రసం వడకట్టి తాగాను. తాగేముందు 118, గంటకి 196, రెండు గంటలకి 171. రెండు రోజులు ఆగి, అంతే తూకం క్యారెట్, బీట్‌రూట్ తురిమి, నిమ్మకాయ పిండుకుని నమిలి తిన్నాను. ముందు 121, గంటకి 155. నమలడానికే పావుగంట పట్టింది, సగం అయ్యేసరికే దవడలు నొప్పి పుట్టాయి. దాన్నే నేను రసం చేసుకుని రెండు నిమిషాల్లో మింగేశానన్నమాట! ఇవి నా ఒంటి అంకెలు, మీ నాన్నగారివి వేరేగా వస్తాయి. అందుకే ఆయన అంకెలు ఆయన్నే చూసుకోమంటున్నాను. తాగేముందు ఒకటి, రెండు గంటలకి ఒకటి, ఒక వారంలో రెండు మూడు రోజులు చాలు. స్ట్రిప్పుల ఖరీదు నాకూ తెలుసు. ఒక్క మాట, వేలు గుచ్చుకునే ముందు సబ్బుతో కడుక్కుని తుడుచుకోవాలి. బీట్‌రూట్ తరిగిన చేత్తో చూసుకుంటే వేలి మీది తీపి కూడా మిషన్లో కనబడుతుంది. నాకొకసారి 260 చూపించి గుండె ఆగినంత పని చేసింది. చేతులు కడుక్కుని చూస్తే 134.

ఇప్పుడు అసలు భయపడాల్సింది ఆ మొదటి గ్లాసు గురించి, కాకర, సొర కలిపిన దాని గురించి. సొరకాయనే మా గోదావరి వైపు ఆనపకాయ అంటాం. ఆనపకాయ కమ్మగా ఉండాలి. అరుదుగా ఒక కాయ చేదుగా వస్తుంది, నీటి ఎద్దడికో విపరీతమైన ఎండకో. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే విషపదార్థానిది. చేదు ఆనపకాయ రసం తాగితే వాంతులు, విరేచనాలు, రక్తపు వాంతులు, బీపీ పడిపోవడం దాకా వెళుతుంది. దీనికి విరుగుడు మందంటూ లేదు. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త ఈ రెండు రసాలు కలిపి తాగే చనిపోయారు. ఆయనకీ షుగరే, ఆరోగ్యం కోసమే తాగారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, నిపుణుల కమిటీ వేసి చెప్పించింది: రసం తీసేముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడాలి, చేదనిపిస్తే కాయ మొత్తం పారెయ్యాలి, ఆనపకాయ రసాన్ని వేరే ఏ రసంతోనూ కలపకూడదు, తాగాక వికారంగా ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

కలపకూడదని ఎందుకన్నారో ఆలోచించు బాబూ. కాకర ఎలాగూ చేదే. అందులో విషపు చేదు ఆనపకాయ కలిసిపోతే నాలుకకి తెలిసేదెలా? ఆ వ్యాను అబ్బాయి తెల్లవారుజామున యాభై కాయలు తరుగుతాడు, ఒక్కొక్కటీ నాకి చూస్తాడా? అందుకే నేను బయట ఆనపకాయ రసం ముట్టను. ఇంట్లో కూడా కూరే వండుకుంటాను, పాలు పోసి. దాని రుచి ముందు ఆ పచ్చి రసం ఎందుకు?

కాకరకాయ షుగర్ తగ్గిస్తుందా అంటే, దానిమీద చాలా పరిశీలనలు జరిగాయి. కొన్నిట్లో కొంచెం తగ్గింది, కొన్నిట్లో తేడా లేదు. మాత్రకి బదులు పెట్టుకునేంత రుజువు లేదు. పైగా గ్లిమిపిరైడ్, ఇన్సులిన్ వాడేవాళ్ళకి దానితో కలిసి షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది. కాకరకాయ వేపుడు తినమనండి, ఉల్లికారం పెట్టి. గ్లాసుల లెక్కన రసం వద్దు.

సరే, నేను చేసుకునేది చెబుతా. ఇద్దరికి సరిపోయేది. కీరదోసకాయ ఒకటి పెద్దది, సుమారు 250 గ్రాములు, తొక్కతోనే. అది కూడా చివర కోసి రుచి చూడాలి, చేదైతే వాడకూడదు. బాగా పండిన టమాటా ఒకటి. గుప్పెడు కొత్తిమీర, పది పుదీనా ఆకులు, చిన్న అల్లం ముక్క, ఒక ఉసిరికాయ గింజ తీసేసి. ఉసిరి దొరకని రోజుల్లో అరచెక్క నిమ్మరసం చివర్లో. ఆకుకూరలు ఉప్పు నీళ్ళలో కాసేపు ఉంచి, కుళాయి కింద రెండుసార్లు కడగాలి. పచ్చిగా తాగుతున్నాం కదా. ముందు అల్లం, ఉసిరి, ఆకులు కొంచెం నీళ్ళతో మెత్తగా తిప్పి, తర్వాత కీర, టమాటా వెయ్యాలి. అన్నీ ఒకేసారి వేస్తే పుదీనా ఆకు ఆకుగానే ఉండి గొంతులో అడ్డం పడుతుంది. కొంచెం మిరియాల పొడి, వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు ఉప్పు. బీపీ ఉంటే ఉప్పు కూడా వద్దు. మొత్తంలో చక్కెర చెంచాన్నరకి మించదు, అదీ ఇద్దరి గ్లాసుల్లో కలిపి.

వడకట్టకండి. షుగర్‌కి మేలు చేసేది ఆ పిప్పిలోని పీచే. అది తీసి చెత్తబుట్టలో వేసి తీపి నీళ్ళు తాగితే ఇంకేముంది? గొంతు దిగడం లేదంటే ఒక గ్లాసు పల్చటి మజ్జిగ కలపండి. మా ఆయన అలాగే తాగుతారు, "పెరుగుపచ్చడి గ్లాసులో పోసిచ్చావేం" అంటూ. 12 వేల జ్యూసర్ అక్కర్లేదు, అది చేసేది పిప్పి వేరు చెయ్యడమే. మీ అమ్మగారి మిక్సీలో చట్నీ జార్ చాలు. ఆ డబ్బుతో స్ట్రిప్పులు కొనండి, ఏళ్ళు వస్తాయి.

టీ గ్లాసు కంటే కొంచెం పెద్దది, 150 మిల్లీలీటర్లు. టిఫినుతో పాటు. టిఫినుకి బదులు కాదు. చేసిన అరగంటలో తాగెయ్యాలి, సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోవడాలు వద్దు.

ఇంకొకటి మర్చిపోయాను. మళ్ళీ ఎప్పుడైనా చెమటలు, వణుకు వస్తే వెంటనే చూసుకోవాలి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి, 15 నిమిషాలకి మళ్ళీ చూసుకోవాలి, ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ అంతే. మిషన్ దగ్గర లేకపోతే చూడ్డం కోసం ఆగొద్దు, ముందు పంచదార. కొంచెం తేరుకున్నాక ఏదైనా తినాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకూడదు, ఆసుపత్రికే. జేబులో గ్లూకోజ్ పొట్లం ఉంచుకోమనండి. కాజా మాత్రం పెట్టకండి బాబూ, నీ పేరు మీద కోపంతో కాదు. నూనెలో వేగిన తీపి నెమ్మదిగా ఎక్కుతుంది, ఆ సమయంలో అంత ఓపిక ఉండదు.

ఓరుగల్లు_సిస్టర్:

టీచరమ్మ మంచిగ చెప్పిన్రు. నేను డయాలసిస్ వార్డులో స్టాఫ్ నర్సుని, ఇంకో రెండు ముచ్చట్లు చెప్తా.

అన్నా, మీ నాన్నకు క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చూపించి ఎన్ని రోజులైంది? షుగర్ 11 ఏళ్ళ నుంచి ఉన్నదంటే కిడ్నీ పరీక్ష ఏడాదికి ఒక్కసారన్నా కావాలె. కిడ్నీ తగ్గినోళ్ళకు పొటాషియం బయటికి పోదు. టమాట, పాలకూర, కొబ్బరినీళ్ళు, సోడియం తక్కువని అమ్మే ఉప్పు, వీటన్నిట్ల పొటాషియం ఉంటది. ఒక ముక్క తింటే ఏం కాదు గనీ, గ్లాసులు గ్లాసులు తాగితే గుండె కొట్టుకునుడు తప్పుతది. మా దగ్గరికి "ఆరోగ్యానికే తాగిన సిస్టర్" అనుకుంట వచ్చినోళ్ళున్నరు. రిపోర్టు చూసినంకనే ఏ జ్యూస్ అయినా.

పచ్చి పాలకూర రోజూ జ్యూస్‌ల వెయ్యకున్రి. ఆక్సలేట్ ఎక్కువ, రాళ్ళు వచ్చినోళ్ళకు అసలే వద్దు. పప్పుల వేసుకోన్రి. గుండె వాల్వు ఆపరేషన్ అయి రక్తం పలచబడే అసిట్రోమ్, వార్ఫరిన్ వాడేటోళ్ళు ఆకుకూరల జ్యూస్ కొత్తగ మొదలు పెడితే డాక్టరుకు చెప్పాలె, విటమిన్ కె తోని మందు లెక్క మారుతది.

డాలస్_దోసావకాయ్:

ఇక్కడ అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళకి ఒక మాట. షాపుల్లో ఆకుపచ్చ జ్యూస్ సీసా మీద కేల్ అనే ఆకుకూర, పాలకూర బొమ్మలుంటాయి. వెనక్కి తిప్పి చదవండి, చాలావాటిలో మొదటి పదార్థం ఆపిల్ రసం. మా అత్తగారు నెల రోజులు తాగారు, "చేదు లేకుండా ఎంత బాగా చేశారో" అని మెచ్చుకుంటూ. సీసాకి చక్కెర 28 గ్రాములు. టీచర్‌గారి క్యారెట్ లెక్కకి దాదాపు సరిపోయింది.

కాకినాడ_కాజా:

నెల తర్వాత వస్తున్నాను. ఆలస్యానికి క్షమించండి.

డాక్టరుగారితో మాట్లాడాం. గ్లిమిపిరైడ్ అలాగే ఉంచారు, కానీ టిఫిను పళ్ళెం ముందు పెట్టుకున్నాకే వెయ్యమన్నారు. క్రియాటినిన్ 1.0, అల్బుమిన్ కూడా బాగానే ఉందన్నారు. సిస్టర్‌గారూ, చూపించి మూడేళ్ళయింది, సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నా.

నాన్నని ఒప్పించడం నా వల్ల కాలేదు. టీచర్‌గారి పోస్టు ప్రింటు తీసి పంపాను. "ఈవిడెవరో లెక్క సరిగ్గా కట్టింది" అన్నారు. అంతే! ఇప్పుడు రోజూ ఉదయం ఒక పుస్తకంలో తారీఖు, ముందు, తర్వాత, తిన్నదేమిటి, అన్నీ టిక్కెట్ల లెక్క రాసినట్టు రాస్తున్నారు. రెండు ఇడ్లీ, కీర మజ్జిగ గ్లాసు తీసుకున్న రోజు 124 నుంచి 168. పెసరట్టు రోజు 162. పూరీ తిన్న రోజు ఖాళీగా ఉంది. అడిగితే ఆ రోజు స్ట్రిప్పు పాడైందన్నారు.

వ్యాను దగ్గరికి ఇంకా వెళుతున్నారు, కబుర్ల కోసం. తాగడం లేదు. ఆనపకాయ ముక్క కొరికి చూశావా అని ఆ అబ్బాయిని రోజూ అడుగుతున్నారట. అతనికి విసుగొచ్చేసింది.

ఒక సందేహం. నిన్న అమ్మ కూరకి తెచ్చిన ఆనపకాయ ముక్క రుచి చూస్తే నిజంగానే చేదుగా ఉంది, నాన్న ఉమ్మేశారు. ఉడికిస్తే పోతుందేమో, 30 రూపాయల కాయ అని అమ్మ పక్కన పెట్టింది. వండొచ్చా?

లెక్కల_టీచరు_రాజమండ్రి:

వద్దు. ఉడికించినా ఆ విషం పోదు. ఇప్పుడే ఫోన్ చేసి పారెయ్యమని చెప్పు. పక్కింటి గేదె కుడితిలో కూడా వెయ్యనివ్వకు.

పూరీ రోజు అంకె నాకు కావాలి.